తీవ్ర వైకల్యమున్న బిడ్డ ఇంట్లోని నవ్వుని నాటికగా రాయొచ్చా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదీ. మీది ఒడిశాలోని పర్లాకిమిడి. మీ అక్క కూతురికి తొమ్మిదేళ్లు, పుట్టినప్పటి నుంచీ తీవ్రమైన సెరిబ్రల్ పాల్సీ (సి.పి.), అంటే మెదడు దెబ్బతిని కండరాలు అదుపులో ఉండని స్థితి. మెడ నిలవదు, కూర్చోలేదు, మాట లేదు. అక్కా బావా ఆ పిల్ల మీదా తమ మీదా వేసుకునే జోకులు బయటివాళ్లు వింటే చెవులు మూసుకుంటారు. 1967లో గ్లాస్గోలో మొదటిసారి ఆడిన పీటర్ నికల్స్ ఇంగ్లిష్ నాటకం గురించి ఎక్కడో చదివారు. ఆ దారిలో తెలుగులో ఒక గంట నాటిక రాసి నాటక పరిషత్తు పోటీకి తీసుకెళ్దామనుకుంటున్నారు. స్నేహితులేమో చెప్పులు పడతాయంటున్నారు. రాయొచ్చా, రాస్తే ఎంతదాకా వెళ్లొచ్చు, చట్టం ఏమంటుంది అని అడిగారు, చిత్తుప్రతి కూడా పంపారు.

రాయొచ్చు. చాలా దూరమే వెళ్లొచ్చు. నేను పెట్టే షరతు ఒక్కటే. జోకు వేస్తున్న మనిషి చేతులు ఆ క్షణంలో బిడ్డ పనిలో ఉండాలి. అన్నం తినిపిస్తూనో, డైపర్ మారుస్తూనో, బిగుసుకుపోయిన కాలిని మెల్లగా చాపుతూనో వేసిన జోకుని ప్రేక్షకులు ఎంత కటువైనదైనా తీసుకుంటారు. చేతులు కట్టుకుని వేసినదాన్ని తీసుకోరు. తీసుకున్నారంటే మీరు ఇంకా భయపడాలి.

నేనెవరో చెప్పకుండా ఇంత గట్టిగా మాట్లాడితే బాగోదు. మాదీ ఒడిశాయే, బరంపురం. బళ్లో పాఠాలు చెబుతూ, ఇక్కడి తెలుగువాళ్ల బృందానికి నాటికలు రాస్తూ, ఆడిస్తూ వచ్చాను. ఇచ్ఛాపురం దాటి ఆంధ్రా వైపు పరిషత్తులకీ తీసుకెళ్తుంటాం. మా పెద్దాడికి ఇరవై మూడేళ్లు. కాళ్లూ చేతులూ నాలుగూ బిగుసుకుపోయే రకం సి.పి., దాంతోపాటు ఫిట్స్. అంచేత ఈ విషయంలో స్టేజీ మీదివాళ్ల బాధ, మంచం పక్కనివాళ్ల బాధ రెండూ నాకు తెలుసు.

ముందు ఆ షరతు ఎక్కణ్ణుంచి వచ్చిందో చెప్తాను. ఒక కుర్ర రచయిత ఇలాంటిదే ఒక నాటిక తెచ్చాడు. తండ్రి కుర్చీలో కూర్చుని పేపరు చదువుతూ జోకులు వేస్తుంటాడు, తల్లి నేలమీద కూర్చుని బిడ్డకి తినిపిస్తుంటుంది. జోకులు బాగున్నాయి. రిహార్సల్లో మాత్రం తల్లి పాత్ర వేస్తున్న అమ్మాయికి రోజురోజుకీ కోపం పెరిగిపోతోంది, ఎందుకో ఆమెకే తెలియట్లేదు. చూస్తున్న మేమెవరం నవ్వట్లేదు. నేను సంభాషణల్లో ఒక్క అక్షరం మార్చలేదు. గిన్నె తీసి తండ్రి చేతిలో పెట్టాను, పేపరు తల్లికిచ్చాను. అంతే. అవే మాటలకి లైట్లు చూసుకునే కుర్రాడు కూడా కిందపడి నవ్వాడు. తర్వాత ప్రదర్శనలో ఒకచోట, కావాలనే, గిన్నె తల్లికి తిరిగిచ్చి తండ్రి చేత ఇంకో జోకు వేయించాం. హాలు ఒక్కసారి చల్లబడింది. ఆ ఇద్దరి మధ్య ఏం తెగిపోతోందో చెప్పడానికి వేరే సన్నివేశం రాయాల్సిన అవసరం రాలేదు.

ఆ ఇంగ్లిష్ నాటకానికి ప్రాణం కూడా ఈ తేడాలోనే ఉందని నా అభిప్రాయం. దాన్ని రాసినాయన సొంత కూతురికి అలాంటి వైకల్యం ఉండేది. నాటకంలో తండ్రి బడిపంతులు. భార్యాభర్తలిద్దరూ నేరుగా ప్రేక్షకులతో మాట్లాడతారు, తమకి తగిలిన డాక్టర్లనీ మతగురువునీ తామే అనుకరించి చూపిస్తారు. తండ్రి జోకులు ఆపడు, తల్లి వాటికి తోడు పోతూనే ఉంటుంది. చివరికి వెళ్లిపోయేది తండ్రే. జోకు ఆయనకి ఊపిరి పీల్చుకోవడానికి ఎంత పనికొచ్చిందో, గుమ్మం దాటడానికీ అంతే పనికొచ్చింది. దాన్నుంచి మీరు నేర్చుకోవాల్సింది ఇదే. కథనీ వరసనీ తెచ్చుకోకండి. అక్కడి ఇల్లు వేరు, మన ఇల్లు వేరు. అక్కడ తలుపేసుకుంటే ఇద్దరే. మన ఇంట్లో జోకు వేసుకోవడానికి చోటే దొరకదు.

మా సంగతి చూడండి. అత్తగారిది సోంపేట వైపు, ఎన్నేళ్లున్నా ఒడియా నోటికి పట్టలేదు. పక్కింటి మౌసీకి తెలుగు రాదు. అంచేత అత్తగారు గదిలో ఉంటే ఒడియాలో జోకు, మౌసీ వచ్చి కూర్చుంటే తెలుగులో జోకు. ఇద్దరూ ఒకేసారి కూర్చున్నారంటే ఆ పూట మేం చాలా మంచి తల్లిదండ్రులం. పర్లాకిమిడిలో ఉన్నారు కనుక ఈ ఇబ్బంది మీకు నేను వివరించక్కర్లేదు. కానీ నాటికలో వాడుకోండి. ఎవరు వింటున్నారో చూసుకుని భాష మార్చే ఆ అర క్షణం స్టేజీ మీద భలే పండుతుంది.

భాష మాటొచ్చింది కనుక. మావాడికి మూడేళ్లప్పుడు ఒక నిపుణుడి దగ్గరికి తీసుకెళ్లాం. ఏ ఊరో, ఏ ఆస్పత్రో వదిలేయండి. ఇంట్లో ఏమేం మాట్లాడతారని అడిగాడు. తెలుగు, ఒడియా, కొంచెం హిందీ అన్నాం. "అన్ని భాషలైతే పిల్లాడు గందరగోళపడతాడు, ఒకటే భాష పెట్టుకోండి" అన్నాడు. బయటికొచ్చి ఆటో ఎక్కాక మా ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నాడు: "ఇప్పుడు వీడు మూడు భాషల్లో మాట్లాడ్డం లేదు. ఇకనుంచి ఒక్క భాషలోనే మాట్లాడకుండా ఉండమంటున్నాడు." వాణ్ణి ఒళ్లో పడుకోబెట్టుకుని, ఆటో కుదుపులకి మెడ వెనక్కి వాలకుండా ఒక చేత్తో పట్టుకుని అన్నమాట అది. నేను నవ్వాను. ఆ రోజు నవ్వకపోతే ఏం చేసేదాన్నో నాకు తెలీదు.

ఇక్కడ గమనించండి, ఆ జోకులో ఎగతాళి పడింది పిల్లాడి మీద కాదు, సలహా మీద. మీ నాటికలో జోకులన్నీ ఇలా ఒకవైపే పడాలని నేననను. తల్లిదండ్రులు బిడ్డ మీద కూడా వేస్తారు, వేయనివ్వండి. రాత్రంతా నిద్రపోనివ్వని పిల్లని ముద్దుగా తిట్టుకోని తల్లి ఎక్కడుంది? అయితే మోతాదు తెలియాలి. మా ఇంట్లో జోకుల్లో ఎక్కువ భాగం బయటి మనుషుల మీద, కాగితాల మీద. ఆ తర్వాత మా మీద మేం. వాడి మీద వేసేవి తక్కువ, అవి మాత్రం బాగా పేలతాయి.

కాగితాల గురించి ఆగి చెప్పాలి. తెలుగు నాటికల్లో ఈ గని తవ్వినవాళ్లు నాకు కనిపించలేదు. మనవాళ్లకి వైకల్యం అనగానే కన్నీళ్లు గుర్తొస్తాయి, ఫారాలు గుర్తురావు. ఆ ఇంట్లో బతికినవాళ్లనడగండి, ఫారాలే ఎక్కువ గుర్తుంటాయి.

ఆధార్ తీసుకోండి. పిల్లలకి అయిదేళ్లు నిండాక ఒకసారి, పదిహేనేళ్లు నిండాక ఇంకోసారి వేలిముద్రలు కొత్తగా ఇవ్వాలి. సి.పి. ఉన్న పిల్లల్లో చాలామందికి పిడికిలి బిగిసి ఉంటుంది. తెరవబోతే ఇంకా బిగుస్తుంది, ఆ కండరాల తీరే అంత. మావాడి పిడికిలి తెరవడానికి ఆ కేంద్రంలో కుర్రాడు, మా ఆయన, వరసలో వెనకున్నాయన ముగ్గురూ కుస్తీ పట్టారు. "ఇంత గట్టి పిడికిలి పెట్టుకుని మావాడు రాజకీయాల్లో ఉండాల్సింది" అన్నాడు మా ఆయన, చెమటలు తుడుచుకుంటూ. సరే కళ్ల ఫొటో తీద్దామంటే కనుపాప కుదురుగా నిలవదు.

రైలు చూడండి. తోడు లేకుండా ప్రయాణం చేయలేనివాళ్లకి టికెట్లో రాయితీ ఉంది, వెంట వెళ్లే ఒక్కరికీ అదే రాయితీ. ఒక్కరికే. విశాఖ వెళ్లాల్సినప్పుడల్లా మా ఇంట్లో పోటీ నడుస్తుంది. రాయితీ దక్కినవాళ్లు "తోడు", అంటే దారంతా మేలుకుని ఉండాలి. ఓడినవాళ్లు పూర్తి డబ్బులు కట్టుకుని హాయిగా పడుకోవచ్చు. మా ఆయన ఎప్పుడూ తొందరగా ఓడిపోతాడు.

అన్నిటికంటే రుచైన సన్నివేశం పద్దెనిమిదేళ్లప్పుడు వస్తుంది. ఆ పుట్టినరోజు దాటగానే మీ బిడ్డ చట్టం దృష్టిలో పెద్దవాడు. నోట్లో ముద్ద పెట్టాల్సింది మీరే, కానీ వాడి తరఫున సంతకం చేసే హక్కు మీకు లేదు. 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం కింద సంరక్షకుడిగా నియమించమని దరఖాస్తు పెట్టుకోవాలి. జిల్లా కలెక్టరు, నమోదైన స్వచ్ఛంద సంస్థ నుంచి ఒకరు, వైకల్యమున్న వ్యక్తి ఒకరు ఉండే స్థానిక కమిటీ చూసి ఇస్తుంది. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యం, బహుళ వైకల్యాలున్న వాళ్లందరికీ ఈ ఏర్పాటే. మంచి ఏర్పాటు, అవసరమైనది, మీ అక్కకి ఇప్పట్నుంచే చెప్పి ఉంచండి. అయినా తండ్రిగా ఉండటానికి దరఖాస్తు పెట్టుకుంటున్న తండ్రిని స్టేజీ మీద ఊహించుకోండి. మా ఆయన ఫారం నింపుతూ అడిగాడు: "అనుభవం రాయమని గడి లేదేటి? పద్దెనిమిదేళ్లు చేశాను కదా." ఆ మాటన్నప్పుడు ఆయన కలం పట్టుకున్న చేతికి వాడి ఫిట్స్ మందు జిగురు అంటుకుని ఉంది, ఫారం మీద మరక పడింది, మళ్లీ ఇంకో ఫారం తెచ్చుకున్నాం.

ఇక చుట్టాలు. "పోయిన జన్మలో ఏం పాపం చేసుకున్నారో" అనే పాత్ర లేకుండా ఎవరూ ఈ నాటిక రాయరు, మీరూ రాస్తారు. రాయండి, కానీ ఆ పాత్రని రాక్షసిని చేయకండి. ఆ మాట అన్నావిడే రెండోరోజు మీ ఇంటికి గిన్నెడు దాల్మా (కూరగాయలు వేసిన ఒడియా పప్పు) తెచ్చిపెడుతుంది. ఆవిడ నోరు వేరు, చెయ్యి వేరు. మా ఆయన ఒకసారి అలాంటి పెద్దావిడతో చాలా వినయంగా అన్నాడు: "పాపం వాడిదంటారా పిన్నీ? వాడు రోజంతా పడుకుంటాడు, స్నానం మేం చేయిస్తాం, ముద్ద మేం పెడతాం. శిక్ష పడ్డట్టు లేడే. మాదంటారా? మరి మీరెలా తప్పించుకున్నారు?" ఆవిడ నవ్వేసింది. అది నేను ఊహించలేదు.

ఠాకురాణి యాత్ర (మా ఊరి అమ్మవారి జాతర) సంగతీ చెప్పాలి, బరంపురంలో ఉంటూ దాన్ని వదిలేస్తే ఇక్కడివాళ్లు ఊరుకోరు. రెండేళ్లకోసారి వచ్చే ఆ యాత్రలో మొక్కుకున్నవాళ్లు వేషాలు కట్టి తిరుగుతారు, పులి వేషం అందులో పేరున్నది. వాడికి పులి వేషం కడతామని మొక్కుకోండి, నయమవుతుందని ఒకరు చెప్పారు. మా ఆయన: "పులన్నాక నాలుగు కాళ్ల మీదైనా నిలబడాలి కదా." అత్తగారు: "నిద్రపోతున్న పులి అని చెప్పండిరా." ఈ జోకు అత్తగారిది. ఇంట్లో అందరికంటే ఎక్కువ ఏడ్చింది ఆవిడే, అన్నిటికంటే మంచి జోకు వేసిందీ ఆవిడే. ఆ మాటంటున్నప్పుడు ఆవిడ వాడి అరికాళ్లకి నూనె రాస్తోంది. మీ నాటికలో కూడా అమ్మమ్మకో నానమ్మకో ఒక్క మాట దాచి ఉంచండి. ప్రేక్షకులు ఆవిడ దగ్గర అది ఊహించరు.

ఇక తినిపించే సన్నివేశం. నా సలహా అడిగితే నాటిక మొత్తానికీ ఇదే వెన్నెముక. ఒక గిన్నె చోడి అంబలో, మెత్తగా చిదిమిన పప్పన్నమో, మొదలు నుంచి చివరిదాకా స్టేజీ మీద నిజంగా తినిపించండి. పద్ధతి తెలుసుకోండి. బిడ్డని నిటారుగా కూర్చోబెట్టాలి, తల కొంచెం ముందుకి వంచాలి. వెనక్కి వాలితే అన్నం ఊపిరితిత్తుల వైపు పోతుంది, ఈ పిల్లలకి వచ్చే నిమోనియాకి పెద్ద కారణం అదే. స్టీలు చెంచా వద్దు, పళ్లు గట్టిగా కరుచుకుపోతాయి, మెత్తటి చెంచా కావాలి. ఒక ముద్ద మింగాడని నిర్ధారించుకున్నాకే ఇంకో ముద్ద. గొంతు కదలడం చూడాలి, చప్పుడు వినాలి. నోట్లో ముద్ద ఉండగా నవ్వించకూడదు, పొలమారుతుంది.

ఈ ఆఖరి మాట నటులకి బంగారం. జోకు మింగాకే వేయాలి. తండ్రికి మంచి మాట తట్టింది, నోటిదాకా వచ్చింది, కానీ వాడు ఇంకా మింగలేదు. ఆగుతాడు. తల్లి ఆగుతుంది. ప్రేక్షకులు ఆగుతారు. గుటక పడింది. అప్పుడు మాట. ఇంతకంటే మంచి టైమింగ్ ఏ హాస్యనటుడూ నేర్పలేడు. మా బృందంలో ఇది ఒక్కసారి అలవాటయ్యాక సంభాషణల మధ్య ఎంత విరామం ఇవ్వాలో నేను చెప్పడం మానేశాను.

పిల్ల కూడా నవ్వాలి. ఇది చాలామంది మర్చిపోతారు. మీ చిత్తుప్రతిలో పిల్ల మూలన మంచమ్మీద ఉంటుందని రాశారు. మూలన పెడితే సామాను అవుతుంది. కదలికకీ బుద్ధికీ ఒకే కొలత ఉండదు. సి.పి.లో ఒళ్లు మొత్తం కట్టుబడిపోయి లోపల అంతా అర్థమవుతున్న పిల్లలున్నారు. మీ మేనకోడలికి ఎంత అర్థమవుతుందో ఎవరూ తేల్చి చెప్పకపోతే, అంతా అర్థమవుతుందనుకునే రాయండి. మావాడికి నవ్వొచ్చేవి కొన్ని ఉన్నాయి. స్టీలు పళ్లెం కిందపడితే. వాళ్ల నాన్న కరెంటు పోయినప్పుడు తిడితే. మేం గొంతు పెంచి దెబ్బలాడుకుంటే మరీను, ఎవరి పక్షమూ తీసుకోడు, ఇద్దర్నీ చూసి నవ్వుతాడు. వాడి హాస్యం మా కంటే కఠినం. మీ పాపకి కూడా ఇలాంటిదేదో ఉండే ఉంటుంది, అక్కనడిగి తెలుసుకోండి. తల్లిదండ్రుల చేతిలో లేని నవ్వు ఒకటి స్టేజీ మీద ఉంటే, వాళ్ల జోకులకి అదుపు దానంతటదే వస్తుంది.

ఆ పాత్ర ఎవరు వేయాలి? పరిషత్తుల్లో మూతి వంకర పెట్టి, చేతులు మెలితిప్పి, చొంగ కార్చినవాడికి ఉత్తమ నటుడి బహుమతి ఇస్తారు. ఆ బహుమతి కోసం మీరు ఈ నాటిక రాయట్లేదనుకుంటాను. సి.పి. ఉన్న వ్యక్తే ఇష్టపడి వేస్తే అంతకంటే కావాల్సింది లేదు, మధ్యలో విశ్రాంతి ఇవ్వాలి, ఇంటివాళ్లు పక్కన ఉండాలి. కుదరకపోతే మామూలు అమ్మాయిని కుర్చీలో మామూలుగా కూర్చోబెట్టండి. ఏమీ అనుకరించొద్దనండి. బరువంతా తల్లిదండ్రుల నడుముల్లో కనిపించాలి: ఎత్తేటప్పుడు మోకాళ్లు వంచడం, దించాక వీపు పట్టుకోవడం. మేం అలాగే చేశాం. ఎవరికీ అనుమానం రాలేదు. బొమ్మని వాడేవాళ్లున్నారు. నాకది నచ్చదు, బొమ్మ నవ్వదు కదా.

ఫిట్స్ చూపించాలనుకుంటే జాగ్రత్తగా చూపించండి, ఎందుకంటే హాల్లో ఉన్నవాళ్లు అదే నేర్చుకుని వెళ్తారు. పక్కకి తిప్పి పడుకోబెట్టాలి, నోట్లో ఏమీ పెట్టకూడదు, బలవంతంగా అదిమి పట్టకూడదు, టైము చూసుకోవాలి, అయిదు నిమిషాలు దాటితే ఆస్పత్రికి పరిగెత్తాలి. ఇక్కడ హాస్యం కూడా దొరుకుతుంది. పక్కింటాయన తాళాల గుత్తి పట్టుకుని వస్తాడు, ఇంకొకావిడ ఉల్లిపాయ, మూడోవాళ్లు చెప్పు. తల్లి గడియారం చూస్తూనే, "అన్నీ అక్కడ పెట్టండి, ఏది పనిచేసిందో ఆఖర్న వాడే చెప్తాడు" అంటుంది. చెప్పడని అందరికీ తెలుసు.

చట్టం గురించి కూడా అడిగారు. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో 92వ సెక్షన్ ఉంది. వైకల్యమున్న వ్యక్తిని అవమానించే ఉద్దేశంతో నలుగురిలో కించపరిస్తే ఆరు నెలల నుంచి అయిదేళ్ల దాకా జైలు. ఉద్దేశం అన్న మాట ముఖ్యం. 2024 జూలైలో సుప్రీంకోర్టు ఒక హిందీ సినిమా మీద వేసిన కేసులో చిత్రీకరణ ఎలా ఉండాలో మార్గదర్శకాలు ఇస్తూ, వైకల్యాన్ని అర్థం చేసుకునేలా చేసే హాస్యం వేరు, ఆ మనుషుల్ని చిన్నబుచ్చే హాస్యం వేరు అని విడదీసి చెప్పింది. మీ నాటిక మొదటి రకంలో ఉండాలంటే ఏం చేయాలో పైనంతా అదే చెప్పాను. వైకల్యమున్నవాళ్లని సంప్రదించకుండా వాళ్ల గురించి తీయొద్దని కూడా ఆ తీర్పు అంటుంది. మీ విషయంలో అది అక్క గడప దగ్గరే మొదలవుతుంది.

ఎందుకంటే, కొంచెం కటువుగా ఉంటుందేమో, గిన్నె మీ చేతిలో లేదు. మీరు మేనమామ. ఆదివారం వచ్చి, ముద్దాడి, జోకులు విని, వెళ్లిపోతారు. సెలవు పెట్టుకుని అక్క ఇంట్లో ఉండండి. రాత్రి మందు వేళకి మీరు లేవండి. డైపర్ మీరు మార్చండి. మొదట్లో మీకు జోకులు రావు, అసహ్యం వస్తుంది, భయం వస్తుంది. ఎప్పుడో మూడు గంటలకి నిద్రమత్తులో మీకు మీరే ఏదో అనుకుని నవ్వుకుంటారు. అది రాసుకోండి. రాసింది అక్కకి ఒక్కదానికే ముందు చదివి వినిపించండి, బావ లేనప్పుడు. బావ ఎదురుగా ఉంటే ఆవిడ ఆయన మొహం చూసి నవ్వుతుంది. ఆవిడ తీసేయమన్న మాట ఎంత బాగున్నా తీసేయండి, వాదించకండి. ఊరు, బడి, పాప గుర్తులు మార్చేయండి, పర్లాకిమిడి పెద్ద ఊరేం కాదు.

ముగింపు గురించి మీరు రెండు దారులు రాశారు: పాప చనిపోవడం, లేదా తండ్రే చంపబోవడం. ఆ ఇంగ్లిష్ నాటకంలో తండ్రి ఆ పని చేయబోతాడు, పాప బతుకుతుంది. మీరు రెండూ వదిలేయండి. పోటీ నాటికల్లో బిడ్డ చావు రచయితకి ఇంటికెళ్లే తొందరని చెప్తుంది. నయమైపోవడం అంతకంటే ఘోరం. ఈ ఇళ్లలో నిజంగా ఉండే భయం ఎప్పుడూ ఒకటే, మా తర్వాత ఎవరు అని. ప్రతి తల్లీ ఒకే మొక్కు మొక్కుకుంటుంది, వాడికంటే ఒక్కరోజు ఎక్కువ బతకనివ్వమని. నేను ఒకసారి పైకే అన్నాను. మా ఆయన వాడికి చొక్కా తొడుగుతున్నాడు. బిగిసిన చెయ్యి చొక్కాలో దూర్చడం ఎంత పనో మీ అక్కకి తెలుసు. దూర్చేదాకా మాట్లాడలేదు. అప్పుడన్నాడు: "ఒక్కరోజేటి? అది కార్యాలకే చాలదు. ఒక వారం అడుగు, గోపాలపూర్ బీచికి వెళ్లొద్దుం."

నవ్వాను. తర్వాత ఆ సాయంత్రమంతా ఆయనతో మాట్లాడలేదు. ఇలాంటి మాట మీ నాటికకి ఒకటి కావాలి, ఆఖరు పది నిమిషాల్లో రావాలి, దాని తర్వాత సంగీతం వద్దు, ఏడుపు వద్దు. నవ్విన ప్రేక్షకుణ్ణి ఆ నవ్వుతోనే వదిలేయండి. తెర పడేటప్పటికి ఏదో పని నడుస్తూ ఉంటే చాలు, చొక్కా రెండో చెయ్యి ఇంకా తొడగాలి.

ఇంకొక్క మాట, ప్రదర్శన ఏర్పాట్ల గురించి. ఇలాంటి కుటుంబాల్ని తప్పకుండా పిలుస్తారు కదా. మన హాళ్లకి చాలావాటికి మెట్లే తప్ప ర్యాంపు ఉండదు, ముందురోజే వెళ్లి చూసుకుని చెక్కపలకైనా వేయించండి. వీల్‌చైర్లకి ముందు వరసలో కుర్చీలు తీసి చోటివ్వండి, ఫిట్స్ వస్తే బయటికి తీసుకెళ్లడానికి పక్క తలుపుకి దగ్గర్లో. రెపరెపలాడే లైట్లు పెట్టొద్దు, కొందరికి ఫిట్స్ తెప్పిస్తాయి. హఠాత్తుగా పెద్ద చప్పుడైతే ఈ పిల్లలు ఒళ్లంతా అదిరిపడతారు, టపాసులు, డప్పులు ముందే చెప్పకుండా వాడకండి. నాటిక ఎనిమిదిన్నర లోపు ముగించండి. తొమ్మిదికి చాలామందికి మందు వేళ.